పసుపు పూసిన వేపమాను

తిరుపతి,
11 ఆగస్టు 2024

అన్నకు,

ఫోనులో చెబితే నీకు సగమే వినబడుతుంది. వినబడని సగం నువ్వే కల్పించుకుని పలమనేరంతా చెబుతావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

స్రవంతి చెట్టు తల కొట్టేశారు.

దారాలు, బొత్తాలు తెచ్చుకుందామని బజారుకు పోయి వచ్చేసరికి బస్టాపు దగ్గర ట్రాక్టరు నిండా వేపకొమ్మలు. చెట్టు మొండిగా నిలబడి ఉంది. ట్రాక్టరుకు అడ్డం పోయి నిలబడ్డాను. కొమ్మలు కొట్టేవాళ్లలో పెద్దాయన, మునిరామయ్య అట, "మమ్మల్నేమి జెయ్యమంటావు తల్లీ? తీగలకు తగల్తా ఉండాది. మేస్త్రీ కొట్టమన్నాడు, కొట్టినాము" అన్నాడు. ఆయన మీద అరిచి ఏం లాభం?

కార్పొరేషన్ ఆఫీసుకు పోయాను. నువ్వు ఆ చెట్టు నాటిన రోజు రాలేదు కదా, ఆవు ఈనిందని. అప్పుడు మా చేత సంతకాలు పెట్టించుకున్న నియమాలన్నీ అక్కడి మేడమ్ మళ్లీ చదివి వినిపించింది. పోయినవాళ్ల జ్ఞాపకంగా చెట్టు పెట్టుకోవచ్చు, పేరుతో పలక కూడా పెడతారు. కానీ చెట్టు ఊరిది. మనం కొమ్మ విరవకూడదు, మేకు కొట్టకూడదు, గుడ్డ కట్టకూడదు, దీపం పెట్టకూడదు. తీగలకు అడ్డం వస్తే ఎంత కొట్టాలో వాళ్లిష్టం. ఈ అయిదేళ్లూ దానికి నీళ్లు మోసింది మాత్రం నేను. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వీళ్ల యవ్వారం.

"తీగల కింద వేప వద్దు, పొట్టిరకం పెట్టుకోండని ఆ రోజే చెప్పినాము కదమ్మా" అంది మేడమ్. నిజమే, చెప్పారు. నేనే వినలేదు. నా కూతురు స్రవంతి కాలేజీ బస్సు కోసం ఎండలో నిలబడిన చోటు అది. అక్కడ నీడ ఉండాలనుకున్నాను. గన్నేరు చెట్టు ఏం నీడనిస్తుంది?

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఒక్క రవికె కూడా కుట్టలేకపోయాను. జ్వరంతో పోయిన పిల్లను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు కూడా ఇదే స్టూలు మీద ఇట్లాగే కూర్చున్నాను. ఈయన ఏమీ అనడు. ఆ చెట్టు చూడలేక మొదటినుంచీ వెనకవీధిలో తిరిగి పోతాడు. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

నీ చెల్లెలు,
రేవతి

పలమనేరు,
25 ఆగస్టు 2024

మా పాప రేవతికి,

నీ ఉత్తరం చదివి మీ వదిన దేవకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను మగవాణ్ని కాబట్టి లేచి పాలకేంద్రానికి పోయి, అక్కడ తుడుచుకుని వచ్చాను.

వేప మొండిఘటం. ఒక తల కొడితే నాలుగు తలలు వేస్తుంది. మన ఇంట్లో అట్లాంటిది ఇంకొకటి ఉంది, ఇప్పుడు తిరుపతిలో రవికెలు కుడుతోంది. రెండూ బతుకుతాయి, దిగులు పడకు.

అయినా నీకు పట్నంలో ఉండీ తెలివి రాలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగితే చెట్లు మిగులుతాయా? మా పక్క రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతమానులన్నీ నేలకూల్చారు. మలుపులో ఒక్క వేపమాను మిగిలింది. దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, గుడ్డ చుట్టి ఉంది. కోతమిషను పట్టుకొచ్చినవాడు దాన్ని చూసి, "అమ్మోరి మాను మీద సెయ్యి ఎయ్యను సామీ, నాకు పిల్లలుండారు" అని దిగిపోయాడు. ఇంజనీరు కూడా చెప్పులు విడిచి దండం పెట్టాడు. రోడ్డే ఒక పక్కకు ఒదిగి పోయింది. ఆ పసుపు పూసింది ఎవరనుకున్నావు? మానుకింద టీ అంగడివాడు. నీడ పోతే వాని గిరాకీ పోతుందని!

కాబట్టి నువ్వు కూడా గిన్నెడు పసుపు కలుపు. ఎర్రగుడ్డ నీ అంగట్లోనే దొరుకుతుంది. ఇక ఏ తల్లికన్నబిడ్డ దాని మీద కత్తి పెడతాడో నేనూ చూస్తాను.

నవ్విద్దామని రాశాను. ఒకసారన్నా నవ్వు.

మీ అన్న,
గంగాధరం

తిరుపతి,
29 సెప్టెంబరు 2024

అన్నకు,

నువ్వు నవ్వించడానికి రాసిన పనిని నేను చేసేశాను.

ఈ నెల మొదటి శుక్రవారం తెల్లవారుజామున, పాలవాళ్లు కూడా రాకముందు పోయి మోకాలెత్తు వరకు పసుపు పూశాను. కుంకుమ బొట్లు పెట్టాను. పట్టుచీర రవికెకు లైనింగు వేయగా మిగిలిన ఎర్రగుడ్డ చుట్టాను. వీధి రెండు కొసలూ చూసుకుంటూనే పూశాను. దేవుడి భయం కాదులే, ఎవరన్నా చూస్తారని. స్రవంతి ఉండి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

మధ్యాహ్నానికల్లా ఎవరో నిమ్మకాయ పెట్టారు. మరుసటి వారం ఇద్దరు ఆడవాళ్లు అంబలి పోశారు. కాలేజీ పిల్లలు పరీక్షలకు పోతూ దండం పెడుతున్నారు. అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. "వేపమాను గంగమ్మ, ఎప్పట్నించో ఉండాది" అని నాకే చెప్పింది పూలమ్మే ఆమె! నాకు నవ్వొచ్చింది అన్నా. ఆరేళ్ల తరువాత మొదటిసారి గట్టిగా నవ్వాను.

మొన్న కొమ్మలు కొట్టే గుంపు మళ్లీ వచ్చింది, కొత్త చిగుళ్లు లెక్కకు మించి పెరిగాయని. నేను ఇంటిముందరి అంగట్లో మిషను తొక్కడం ఆపి చూస్తున్నాను. మునిరామయ్య చెట్టు దగ్గరికి వచ్చాడు, చెప్పులు విడిచాడు, మొక్కాడు. మేస్త్రీ ఏదో అరిచాడు. "నీకు కావాలంటే నువ్వే ఎక్కు సామీ" అని ఆయన తిరిగి చూడకుండా ట్రాక్టరెక్కాడు. ట్రాక్టరు ఖాళీగా వెళ్లిపోయింది.

నియమాల కాగితం వాళ్లది, పసుపు మనది. నీ నోట్లో చక్కెర పోయాలి.

రేవతి

పలమనేరు,
13 అక్టోబరు 2024

పాపా,

నీకు ఇంత ధైర్యముందని తెలిసుంటే నాయన నిన్ను కాకుండా నన్నే కుట్టుమిషను దగ్గర కూర్చోబెట్టి ఉండేవాడు. మీ వదిన మాత్రం నన్ను తిట్టింది. "దేవుడితో పరాచికాలేంది, నీకు వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు" అని రెండు రోజులు కాఫీ కూడా పలచగా ఇచ్చింది.

ఒక్కమాట విను. చెట్టు నిలబడింది, సంతోషం. కానీ తీగలు నిజం తీగలే కదా. వానాకాలం, వేప ఏపుగా పెరిగే కాలం. తీగకు తగిలే కొస మట్టుకు కొట్టించుకో. నువ్వే మునిరామయ్యను పిలిచి, అమ్మవారి తల దువ్వాలి, నేను చెబుతున్నాను కొట్టు అంటే కొడతాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

కోపం తెచ్చుకోకుండా ఆలోచించు.

గంగాధరం

తిరుపతి,
19 జనవరి 2025

అన్నకు,

జవాబు ఆలస్యమైంది. కోపమేమీ లేదు. పెళ్లిళ్ల రవికెలు.

మునిరామయ్యను పిలవలేదు. పిలిస్తే ఏమని చెప్పాలి? కొట్టు, అమ్మవారేమీ అనదు అని నేనెట్లా చెప్పగలను? నీకెట్లా తెలుసమ్మా అని అడుగుతాడు. పైగా ఒకసారి కొమ్మ కొట్టనిస్తే ఇక ఏడాదికి రెండుసార్లు తల కొడతారు. కొట్టనివ్వను. చెట్టు ఇప్పుడు ఎంత బాగుందో నువ్వు చూడలేదు. బస్టాపు మొత్తం నీడ.

గాలి వచ్చినప్పుడు పై కొమ్మ తీగకు తగిలి నిప్పురవ్వలు రాలుతున్నాయి. వీధిలో కరెంటు పోతోంది. అమ్మవారు కళ్లు తెరుస్తోందని జనం దండం పెడుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను మిషను ఇంకా గట్టిగా తొక్కుతున్నాను.

ఇంకో సంగతి. స్రవంతి పేరున్న పలక మీద కూడా పసుపు పూస్తున్నారు. నేను రోజూ పొద్దున తడిగుడ్డతో తుడుస్తాను. నిన్న ఒకావిడ నా చెయ్యి పట్టి లాగేసింది. "అమ్మోరి మీది పసుపు తుడస్తావా? ఏం ఆడదానివి నువ్వు?" అంది. అది నా బిడ్డ పేరు అని చెప్పాను. "ఏ పేరు? ఈడ అమ్మోరు తప్ప ఎవురూ లేరు" అంది.

చెట్టును కాపాడుకున్నాననుకున్నాను. ఏమో మరి.

రేవతి

పలమనేరు,
2 జూన్ 2025

రేవతికి,

జనవరి ఉత్తరం తరువాత నీ దగ్గర నుంచి ఒక్క అక్షరం లేదు. నేను రెండు ఉత్తరాలు రాశాను. మీ ఆయనకు మీ వదిన చేత ఫోను చేయిస్తే "బాగుండాది" అని పెట్టేశాడు.

పాలకేంద్రంలో పాత పేపరు చూశాను. తిరుపతిలో చెట్టు కొమ్మ కొడుతూ కరెంటు తగిలి ఒక కూలి చనిపోయాడని నాలుగు వరుసలు. ఏ వీధో రాయలేదు. పేరు జోయల్ అని ఉంది.

మన చెట్టు కాదు కదా?

కాదు అని ఒక కార్డుముక్క రాసి పడేయి. అంతకంటే ఏమీ అడగను.

గంగాధరం

తిరుపతి,
12 జూన్ 2025

అన్నకు,

మన చెట్టే.

గంగమ్మ జాతర వస్తోంది, జనం పెరుగుతారు, ఆ రవ్వలు ఎవరి మీదన్నా పడితే ఎవరు జవాబు చెప్పాలని పైనుంచి గట్టిగా మాట వచ్చిందట. మేస్త్రీ గుంపును తీసుకొచ్చాడు. ప్రతి ఒక్కడూ ఎక్కనన్నాడు. అప్పుడు మేస్త్రీ అన్న మాట నేను నా చెవులతో విన్నాను. "జోయల్‌ను పిల్చండ్రా. వాళ్లకు గంగమ్మ లేదు గదా, వానికేం భయం?"

జోయల్‌ది పుత్తూరు దగ్గర పల్లె. ఇంకా పెళ్లి కూడా కాలేదు. ఎక్కేముందు నా అంగట్లోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. తాగి, "ఇది మీ పాప చెట్టంట గదక్కా, పలకమీద పేరు సూసినా. తీగకాడి కొమ్మ మట్టుకే కొడతా, మిగతాది ముట్టను" అన్నాడు. అన్ని నెలల్లో ఆ పలక చదివిన మనిషి అతనొక్కడే. కరెంటు ఆపారా అని అడిగాను. "ఆపినామని మేస్త్రీ సెప్పినాడక్కా" అన్నాడు.

ఆపలేదు. ఆపించాలంటే కరెంటు వాళ్లను అడగాలి, కాచుకోవాలి. పూజకు ఆడవాళ్లు వచ్చేలోపు పని ముగించాలని మేస్త్రీ తొందర. రాత్రి వానకు కొమ్మలు తడిసి ఉన్నాయి.

అతను పడిపోవడం చూశాను. అంతకంటే రాయలేను. దగ్గరికి పోయేసరికి అతని రెండు అరచేతులకూ పసుపు అంటుకుని ఉంది. నేను పూసిన చోటనే చేతులు వేసి ఎక్కాడు.

ఇంకా ఆసుపత్రి బండి కూడా రాలేదు, మేస్త్రీ జనానికి చెప్పడం మొదలుపెట్టాడు. "వద్దురా, అమ్మోరి చెట్టురా అంటే ఇనలేదబ్బా. నేను దిగమంటానే ఉండా, ఎగబడి ఎక్కినాడు. తల్లి ఊరుకుంటాదా?" ఆడవాళ్లు చెంపలేసుకున్నారు. ఆ సాయంత్రం జాతరకంటే ఎక్కువమంది వచ్చి టెంకాయలు కొట్టారు. కరెంటు ఆపారా అని అడిగినవాడు ఒక్కడు లేడు.

తరువాత అతని తల్లి వచ్చింది. రెబెకా అని, కూలికి పోయే మనిషి. చెట్టు చూడటానికి వచ్చి, నిలబడలేక నా అంగడి మెట్టు మీద కూర్చుంది. "నా కొడుకు ఏం తప్పు జేసినాడమ్మా? ఈడోళ్లు అమ్మోరు కొట్టిందంటా ఉండారు. మా ఊళ్లో మావోళ్లు, బొమ్మకు మొక్కే చెట్టు ఎక్కినాడు, దేవుడు చెయ్యి ఇడ్సినాడంటా ఉండారు. సమాధికాడికి కూడా సగం మంది రాలేదు. రెండు పక్కలా నా బిడ్డే పాపి అయినాడు" అంది. 

నీళ్లిచ్చాను. పసుపు పూసింది నేనే అని నాలుక చివరి వరకూ వచ్చి ఆగిపోయింది. ఆమె గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించి వెళ్లిపోయింది.

నేను చెప్పేస్తాను. అందరికీ చెప్పేస్తాను. నీకు ముందు చెబుతున్నాను, అంతే.

రేవతి

పలమనేరు,
17 జూన్ 2025

రేవతీ,

ఈ ఉత్తరం అందగానే మొదట నువ్వు చేయవలసిన పని నోరు మూసుకోవడం.

ఎవరికి చెబుతావు? చెబితే ఆ పిల్లోడు లేచి వస్తాడా? అమ్మవారి పేరు పెట్టి ఊరిని మోసం చేసిందని ఆడవాళ్లు నిన్ను వీధిలోకి లాగుతారు. అంగడి మూసుకోవాలి. పోలీసులు వస్తారు, నీకెవరు చెప్పారని అడుగుతారు. నేను ఊరికే అన్నాను. నవ్వమని రాశాను కూడా. కొస కొట్టించుకోమని కూడా రాశాను, వినలేదు నువ్వు. ఆ ఆగస్టు ఉత్తరం ఉంటే పొయ్యిలో పెట్టు.

కరెంటు ఆపనివాడు మేస్త్రీ. తప్పు వానిది. మధ్యలో మనమెందుకు?

నీకు మిగిలింది ఆ చెట్టు ఒక్కటే. చెబితే అదీ ఉండనివ్వరు. ఆ తల్లికి ఏమన్నా సాయం చేయాలంటే చాటుగా చేద్దాం, నేను కూడా చేస్తాను.

మీ వదినకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా. అన్నం సరిగా తినడం లేదేమని అడుగుతోంది. పళ్ల నొప్పి అన్నాను.

గంగాధరం

తిరుపతి,
21 ఆగస్టు 2025

అన్నకు,

చెప్పేశాను. నీ పేరు ఎక్కడా ఎత్తలేదు, భయపడకు.

మొదట చెట్టు దగ్గరే చెప్పాను. పోయిన నెలలో ఒక శుక్రవారం, అందరూ ఉన్నారు. నిరుడు ఈ పసుపు పూసింది నేను, అమ్మవారు కాదు. నా బిడ్డ చెట్టు కొట్టనివ్వకూడదని పూశాను. జోయల్‌ను చంపింది కరెంటు. కరెంటు ఆపామని అతనితో అబద్ధం చెప్పి ఎక్కించింది మేస్త్రీ అని గట్టిగా చెప్పాను. కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. పూలమ్మే ఆమె వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. "అమ్మోరే నీ సేత పూయించింది తల్లీ. ఇంతమందిలో నిన్నే ఎంచుకునింది" అంది. మిగతావాళ్లు కూడా వరసగా వచ్చి మొక్కారు. ఒకావిడ తన పసిబిడ్డను నా చేతుల్లో పెట్టి దీవించమంది. నేను కాదు కాదు అని అరుస్తుంటే పూనకం వచ్చిందనుకుని వేపాకు తెచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత ఆఫీసులో కాగితం రాసి ఇచ్చాను. జోయల్ నాతో అన్న మాట, మేస్త్రీ అన్న మాట, అన్నీ. విచారణ అయిపోయింది, ప్రమాదం అని రాసేశాం అన్నారు. నా కాగితంలో వాళ్లకు పనికొచ్చింది ఒక్కటే. చెట్టు పెట్టించిన దాతే స్వయంగా పసుపు పూసి గుడ్డ కట్టింది కాబట్టి నియమం తప్పింది. మరుసటి వారం మనుషులొచ్చి స్రవంతి పలక పెకలించుకు పోయారు. ఆ చోట ఇప్పుడు అరుగు ఉంది. కట్టించింది ఎవరో తెలుసా? మేస్త్రీనే. ముందు నిలబడి సిమెంటు పోయించాడు. వాని పేరు చెక్కించుకున్నాడు కూడా.

కరెంటు వాళ్లు చెట్టును ముట్టలేదు. స్తంభమే అవతలి పక్కకు జరిపారు. అర పూట పని. మనిషి పోకముందు ఆ అర పూట ఎవరికీ దొరకలేదు. నాకు మాత్రం దొరికిందా? రవ్వలు రాలడం రోజూ చూస్తూ రవికెలు కుట్టుకున్నాను.

మంగళవారం పుత్తూరు పోయి, అక్కడినుంచి ఆటోలో రెబెకా ఊరు పోయాను. ఆమె వాకిట్లో చెనక్కాయలు వొలుస్తోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. నేను కూర్చోకుండానే చెప్పాను. మొత్తం విన్నది. నమ్మింది అన్నా. ఇంతమందికి చెబితే నా మాట మాటగా నమ్మింది ఆమె ఒక్కతే. ఏడవలేదు, తిట్టలేదు. చేతులకున్న మట్టి దులుపుకుని లేచి నా మణికట్టు పట్టుకుంది.

"రా. నాకు సెప్పింది ఈళ్లకు సెప్పు" అంది.

పక్కింటికి తీసుకుపోయింది. చెప్పాను. దాని పక్కింటికి. చెప్పాను. వీధి ఈ కొస నుంచి ఆ కొస వరకు, తలుపు తలుపుకూ నిలబెట్టి చెప్పించింది. గొంతు తగ్గితే "గట్టిగా సెప్పు, అవ్వకు ఇనబడదు" అంది. ఒకచోట జోయల్ చెట్టు ఎక్కాడు అని ఊరుకున్నాను. "ఎందుకు ఎక్కినాడో సెప్పు" అంది. ఎందుకంటే మిగతావాళ్లు ఎక్కనన్నారు, వాళ్లు ఎక్కనన్నది నేను పూసిన పసుపు చూసి అని చెప్పాను. ఒక ముసలాయన నా ముఖం మీదే తలుపు వేసుకున్నాడు. ఆమె మళ్లీ తట్టి తెరిపించింది. నా చెయ్యి ఎక్కడా వదల్లేదు.

చివరి ఇల్లు కూడా అయిపోయింది. క్షమించమని అడగబోయాను. అడగనివ్వలేదు.

"ఈ పొద్దు కూలికి పోయినోళ్లు శానా మంది ఇండ్లల్లో లేరు. ఆదివారం రా. పార్థనకు అందురూ వస్తారు. ఆడ నిలబడి సెప్పు. ఆ మీదట సమాధికాడికి పిల్సకపోతాను అందుర్నీ" అంది.

పోతున్నాను. నువ్వు కూడా రా అన్నా. ఆమె నిన్ను అడగలేదు, నువ్వున్నావని ఆమెకు తెలియదు. నేనే అడుగుతున్నాను. వదినకు చెప్పి రా, పళ్ల నొప్పి అని కాదు. పలమనేరులో మొదటి బస్సు ఎక్కి చిత్తూరులో మారితే ప్రార్థన మొదలయ్యేలోపు పుత్తూరు చేరుకుంటావు. బస్టాండులో ఉంటాను. ఆ బస్సులో నువ్వు దిగకపోతే నేనొక్కదాన్నే పోతాను.

రేవతి